బోడి అక్షరాల కేసు

ఆ అక్షరాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నగల కొట్టు సంచీ మీద, సెంటు సీసా డబ్బా మీద, ఖరీదైన చీరల అట్టపెట్టె మీద, ఎక్కడ కనిపించినా సరే. నిలువు గీతలు నల్లగా, బలంగా, ద్వారబంధాల్లా ఉంటాయి. వాటిని కలిపే అడ్డగీతలు, వంపులు మాత్రం వెంట్రుకంత సన్నం. కాళ్ల కింద పీట వేసినట్టు ఇంకో సన్నటి గీత. ఎక్కడా ఒరగదు, వంగదు. నిటారుగా నిలబడి, నువ్వెంత అన్నట్టు చూస్తుంది.

ఇప్పుడు మా కొట్లో కంప్యూటరు ఉంది. ఫాంట్ల జాబితాలో దాని పేరు మీద నొక్కితే చాలు, అడిగిన సైజులో వచ్చి తెర మీద నిలబడుతుంది. సన్నగీత అరగదు, విరగదు. ఎవరి చెయ్యి తగిలినా ఒకటే. ఇంత తేలిగ్గా దొరికే దాని కోసమా నేను అంత పని చేశాను అనిపిస్తుంది. అనిపించినంత మాత్రాన చేసింది పోదు కదా.

తొంభైల మొదట్లో, మెట్రిక్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను మా నాన్న రాయగడలో ఒక ప్రెస్సులో చేర్పించాడు. నాన్నది మునిసిపాలిటీలో కుళాయిలకు నీళ్లు వదిలే పని. ప్రెస్సు యజమాని వీధికి వేళ తప్పకుండా నీళ్లు వచ్చేవి, ఆ పరిచయం. ఆయనను అందరం సావుకారు అనే పిలిచేవాళ్లం. వాళ్లది పార్వతీపురం వైపు. అన్నదమ్ములు కిరాణా టోకు వ్యాపారం చేసుకుంటుంటే ఈయనకు మాత్రం ఎందుకో అచ్చు పిచ్చి పట్టుకుంది. పాత బస్టాండు వెనక రెండు గదులు, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, గోడల పొడుగునా చెక్క కేసులు. కేసంటే గళ్లు గళ్లుగా ఉండే పెద్ద సొరుగు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, సీసంతో పోసినవి. ఒక గోడంతా ఒడియా, ఇంకో గోడ తెలుగు, కిటికీ పక్కన ఇంగ్లీషు. పొద్దున్న బ్లాకాఫీసు ప్యూను వచ్చి ఒడియాలో మాట్లాడితే ఒడియాలో జవాబు చెప్పి, ఆ చేత్తోనే తెలుగు శుభలేఖ పేర్చేవాళ్లం. అచ్చులో అక్షరం తిరగబడి ఉంటుంది కాబట్టి మూడు భాషలనూ కుడి నుంచి ఎడమకు చదవడం ఆరు నెలల్లో వచ్చేసింది.

ఇంగ్లీషు గోడకు పై వరసలో, గుడ్డ కప్పి, ఒక కేసు విడిగా ఉండేది. విశాఖపట్నంలో మూసేసిన ప్రెస్సు నుంచి సావుకారు తెచ్చుకున్నాడు. అందులో ఉన్నది ఈ అక్షరమే. దాని అసలు పేరు ఏదో ఇటలీ దేశపు పేరట, కేసు మీద చీటీ అంటించి ఉండేది. ఆ పేరు మా నోళ్లకు తిరగలేదు. మొదటి రెండక్షరాలు పట్టుకుని బోడి అనేశాం. “ఇది బోడిలో ఎయ్యండి” అని సావుకారు కేకేసేవాడు.

ఒకసారి పెళ్లికార్డు వేయించుకోవడానికి కొడుకుతో వచ్చిన ఒక పెద్దావిడ ఆ కేక విని గుమ్మంలోనే నిలబడిపోయింది. “శుభమా అని పెళ్లి కార్డు ఎయ్యమంటే బోడి అంటాడేటి ఈ మనిషి! రేపొచ్చే మా కోడలికి పసుపూ కుంకం ఒద్దేటి?” అని వీధి వినేలా అరిచింది. సావుకారు రెండు చేతులూ జోడించి, అది అక్షరం పేరమ్మా అని ఎంత చెప్పినా ఆమె లోపలికి రాలేదు. కొడుకు మాత్రం సిగ్గుపడుతూ అక్షరం చూసుకుని, అదే కావాలన్నాడు. ఆ తరవాత ఖాతాదార్ల ముందు దాన్ని పెళ్లక్షరం అనాలని సావుకారు మాకు గట్టిగా చెప్పాడు. వాళ్లు గడప దాటగానే మళ్లీ బోడే.

ఆ అక్షరానికి నఖరాలు ఎక్కువ. కరపత్రాలకు పనికిరాదు, నాసిరకం కాగితం మీద సన్నగీతలు కనబడకుండా పోతాయి. సిరా కాస్త ఎక్కువైతే చిన్న అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. మిషను కాస్త గట్టిగా నొక్కితే కాళ్ల కింద పీటలు విరుగుతాయి. నునుపు కార్డు కావాలి, సిరా తక్కువ ఉండాలి, నొక్కు తేలిగ్గా ఉండాలి, చుట్టూ బోలెడు ఖాళీ వదలాలి. అన్నీ అమిరాయంటే మాత్రం ఆ కార్డు పట్టుకున్నవాడు వేలితో ఒకసారి తడమకుండా ఉండలేడు. పెళ్లికార్డులు, విజిటింగు కార్డులు, కాలేజీ వార్షికోత్సవం ఆహ్వానాలు, బంగారం కొట్టు ప్రారంభోత్సవం, ఇలా నలుగురి ముందు తల ఎత్తుకోవాల్సిన పనులన్నీ దానివే. పెద్దకర్మ కార్డుకు ఎవరూ దాన్ని అడగలేదు.

అంత నఖరాలున్న అక్షరాన్ని ముట్టుకునే అధికారం ఒక్క మనిషిదే. ఆమె నాకంటే పదిహేనేళ్లు పెద్ద. రోజూ తెరుబలి నుంచి పొద్దున్న పాసింజరులో వచ్చేది. భర్త అక్కడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. నేను ఆమెను అప్ప అనేదాన్ని, మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. ఆమె నన్ను అమ్మి అనేది. చేరిన రోజు నుంచి నాకు అక్షరాలు పేర్చే ఇనుప స్టిక్కు పట్టుకోవడం, అక్షరం ముఖం చూడకుండా వేలితోనే దాని వీపు మీది గాడి తడిమి నిలబెట్టడం, పంక్తి బిగించడం అన్నీ ఆమే నేర్పింది. నేర్పినవాళ్ల మీద గౌరవం ఉండాలంటారు. నాకు ఉండేది కుళ్లు. దాచడం ఎందుకు, నిలువునా కుళ్లు.

ఆమె పని చేస్తుంటే చప్పుడు ఉండదు. అక్షరం గడిలోంచి లేచి స్టిక్కులోకి వెళ్లేది, అంతే. మేం అందరం సాయంత్రానికి ముంజేతుల దాకా నల్లగా అయితే, ఆమె గోళ్లు శుభ్రంగా ఉండేవి. ఇంగ్లీషు ఏ, వీ పక్కపక్కన వస్తే వాటి మధ్య గొయ్యిలా ఖాళీ పడుతుంది. సీసాన్ని దగ్గరకు జరపలేం కదా. అందుకని ఆమె మిగతా అక్షరాల మధ్య సిగరెట్టు పెట్టెలో వచ్చే పల్చటి కాగితం పీలికలు దూర్చి, అంతటినీ ఒక్కలా సర్దేది. చూసేవాడికి పీలికలు కనబడవు, పేరు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంటుంది. సిగరెట్లు తాగే సావుకారు పెట్టెలన్నీ ఆమె కోసం దాచి ఉంచేవాడు. నాకు వాటి మీద కూడా కడుపు మంటే.

నేను కట్టేవి కొల్నార బ్లాకాఫీసు ఫారాలు. వరస సంఖ్య, ఊరు, తండ్రి పేరు, కింద గళ్లు. అవి ఎవరు పేర్చారని ఈ భూమ్మీద ఎవరూ అడగరు. బోడి కార్డు అందుకున్నవాళ్లు మాత్రం, “ఎవులు సేసేరండీ ఇది?” అని లోపలికి తొంగి చూసేవారు. సావుకారు ఆమెను చూపించి, “ఆ అమ్మి సెయ్యి పడితే అక్షరం నవ్వుతాది” అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా చేతిలో ఒడియా అక్షరాలు కిందపడేవి.

ఒకసారి ధైర్యం చేసి, నేనూ ఒక బోడి కార్డు కడతానని సావుకారును అడిగాను. ఆయన నవ్వాడు. “నీ సెయ్యి బరువమ్మి. ఫారాలు నువ్వు బాగా కడతావు. అయి సూసుకో” అన్నాడు. బాగా కడతావు అన్నందుకు ఏడవాలో, బరువన్నందుకు ఏడవాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం అప్ప టిఫిను గిన్నె కడగడానికి కుళాయి దగ్గరకు వెళ్లినప్పుడు గుడ్డ తీసి ఆ కేసు తెరిచాను. నా పేరు పేర్చుకుని చూసుకున్నాను. ఆమె ఎప్పుడు వెనక్కి వచ్చిందో తెలియదు. తిడుతుందనుకున్నాను. నా భుజం మీంచి చూసి, “ఇక్కడ కాసింత జాగా ఇయ్యమ్మి, దానికి ఊపిరాడాల” అని ఒక పీలిక అందించింది. పెట్టి చూస్తే నిజంగానే బాగుంది. నాకు తిడితేనే బాగుండేది. నా పేరును కూడా ఆమే అందంగా చేసిపెట్టాలా అని రెండు రోజులు ముభావంగా ఉన్నాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే చింతకాయ పచ్చడి సగం నా గిన్నెలో వేసింది.

నేను చేరిన మూడో ఏడు అనుకుంటా, ఒక వానాకాలం పొద్దున, మిషను తొక్కే ఆయన ఇంకా రాలేదు. అప్ప నన్ను కిటికీ దగ్గరకు పిలిచింది. ఆమె అరచేతిలో బోడి అక్షరం ఒకటి ఉంది, ఇంగ్లీషు చిన్న ‘ఇ’.

“దీనికి నడిమి గీత ఉన్నాదా సూడమ్మి.”

“ఉన్నాది కదప్పా.”

“నాకు ఆనడం నేదు” అంది మెల్లగా. “లావు గీతలు బాగా ఆనతన్నాయి. సన్నవే మాయమైపోతన్నాయి. సావుకారికి సెప్పకు. తెలిస్తే ఈ కేసు తీసేస్తాడు. నువ్వే నాకు కళ్లు.”

అద్దాలు పెట్టించుకోవచ్చు కదా అన్నాను. అద్దాలు పెట్టుకుంటే అందరికీ తెలిసిపోతుంది కదా అంది. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగో, ముప్పై అయిదో. ఆ కేసు పోవడమంటే ఆమెకు ఏమిటో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది రావడమంటే ఏమిటో నేను రోజూ లెక్కలు వేసుకుంటూ ఉన్నాను.

మా ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. పేర్చినవాళ్లు తమ ప్రూఫు తాము చదవకూడదు. ఒకరు పేరిస్తే ఇంకొకరు చదవాలి. చదివినవాళ్లు ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి ఓకే అని రాయాలి. సరుకు ఖాతాదారు చేతికి వెళ్లిన వారం దాకా ఆ ప్రూఫు గోడ మీది ఇనుప ముల్లుకు గుచ్చి ఉండాలి. బోడి పనులన్నింటికీ చదివేది నేనే. ఆ వానాకాలం నుంచి, అరిగిన అక్షరాలు ఏరి పక్కన పెట్టేది కూడా నేనే. రోజూ పొద్దున్న ఎవరూ రాకముందు ఆమె గడి గడీ చూపించేది, నేను ఇది బాగుంది, ఇది పోయింది అని చెప్పేదాన్ని. ఇద్దరం కలిసి చేసిన కార్డు బయటికి వెళ్లేది. పేరు మాత్రం ఆమెకే వచ్చేది. నా కళ్లు లేకపోతే ఈవిడ ఎక్కడుండేది అని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. ఏం బోడి గొప్ప అని కూడా అనుకునేదాన్ని.

ఆ తరవాతి వేసవిలో, పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, పట్టణంలో ఒక టోకు వర్తకుడి కూతురి కార్డు వచ్చింది. వియ్యాలవారు రైల్వేలో పెద్ద ఉద్యోగస్థులు, అందుకని కార్డంతా ఇంగ్లీషులోనే కావాలన్నారు. పైన పిల్ల పేరు, కింద పిల్లవాడి పేరు, నడుమ ఒంటరిగా ‘వెడ్స్’ అనే మాట. నాలుగే అక్షరాలు. అందులో రెండోది చిన్న ‘ఇ’. పేర్లు రెండింటిలోనూ ‘ఇ’లు చాలా ఉండటంతో మంచివన్నీ అక్కడే అయిపోయాయి. నడుమ మాటకు మిగిలింది పొద్దుటి ఏరివేతలో తప్పించుకున్న అరిగినది.

ప్రూఫు నా చేతికి వచ్చింది. చూడగానే కనబడింది. ఆ ‘ఇ’ నడిమి గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది. ప్రూఫు మెత్త కాగితం మీద తీస్తాం, సిరా ఎక్కువ వేస్తాం కాబట్టి ఆ సగమన్నా పడింది. నునుపు కార్డు మీద, తక్కువ సిరాతో, అదీ పడదని నాకు తెలుసు. గీత పోతే ‘ఇ’ కాస్తా ‘సి’ అవుతుందనీ తెలుసు. నడుమ మాట ఒక్కటీ వేరే కేసులోని అక్షరాలతో పేరిస్తే సరిపోయేది. పావుగంట పని.

అప్పుడే సావుకారు అటుగా వచ్చి, పేర్చిన దిమ్మను వంగి చూసి, “ఇది సూడరా, అద్దం మీద రాసినట్టున్నాది” అని మిషను తొక్కే ఆయనతో అన్నాడు. అప్ప సిగ్గుపడి నా వైపు చూసింది. “బాగున్నాదా అమ్మి?” అంది.

“బాగున్నాదప్పా” అన్నాను. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, ఓకే అని రాసి, ముల్లుకు గుచ్చాను.

చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది గానీ వణకలేదు.

మిషను తొక్కే ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆయన తొక్కుకుంటూ పోయాడు. కార్డులు కట్టలు కట్టాం, వర్తకుడి మనుషులు వచ్చి పట్టుకెళ్లారు. మూడో రోజు మధ్యాహ్నం ఆ వర్తకుడే ఒక కార్డు పట్టుకుని ప్రెస్సులోకి దూసుకొచ్చాడు. బుగ్గలు అదురుతున్నాయి.

“ఏటండి సావుకారూ, ఇదేటి ఇది! పెళ్లివారు పోన్ సేసి ఒకటే నవ్వు. రైల్వేవోల్లకి డబ్ల్యూసీ అంటే ఏటో మీకు తెలదేటి? మా పిల్ల పేరుకీ అల్లుడి పేరుకీ నడిమిన పాయిఖానా కట్టించినారు కదండీ!”

సావుకారు కార్డు తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. డబ్ల్యూ, సి, డి, ఎస్. అక్షరాలు నలుపుగా, నిటారుగా, ఎంతో దర్జాగా ఉన్నాయి. ఇంత అందంగా అచ్చైన తప్పును నేను మళ్లీ చూడలేదు. రైలు పెట్టెల్లో తలుపు మీద చూసే ఆ రెండక్షరాలు, నునుపు కార్డు నడుమ, చుట్టూ బోలెడు ఖాళీలో కూర్చున్నాయి.

వర్తకుడిని బతిమాలి, కొత్త కార్డులు సాయంత్రానికల్లా ఇస్తానని పంపేశాక, సావుకారు మా ఇద్దరినీ పిలిచాడు.

“ఎవులు సదివేరు దీన్ని?”

నేను ముల్లు వైపు చూశాను. ఆ ప్రూఫు అక్కడ లేదు.

“నేనే సదివేను బాబూ” అంది అప్ప. “ఆ పూట అమ్మి సేతిలో కొల్నార పని ఉండె. నాది నేనే సదువుకున్నాను. సూసుకోనేదు.”

“ఇంత గీత కనపడనేదా? కళ్లు ఉన్నాయా నేవా?”

నేను పక్కనే ఉన్నాను, మూరెడు దూరంలో. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. మర్నాడు పొద్దున్న సావుకారు గుడ్డ కప్పిన ఆ కేసును తన చేత్తో దింపి నా బల్ల మీద పెట్టాడు. “జాగర్తగా సేసుకో” అన్నాడు. కొల్నార ఫారాలు ఆమె బల్ల మీదకు వెళ్లాయి. సిగ్గు లేకుండా సంతోషించాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ అమ్మకు జిలేబీ కొన్నాను.

అప్ప ఇంకో రెండు నెలలు వచ్చింది. నాతో ఎప్పటిలాగే మాట్లాడింది, పచ్చడి పెట్టింది. నేనే ఆమె ముఖం చూడలేకపోయాను. చూడలేక, ఆమె మీదే చిరాకుపడేదాన్ని. ఆఖరి రోజు టిఫిను గిన్నె సంచీలో పెట్టుకుంటూ, “కేసు దుమ్ము ఊదుకుంటా ఉండమ్మి. గల్ల అడుగున దుమ్ముంటే అక్షరం తిన్నగా నిలబడదు” అంది. వెళ్లిపోతూ కూడా పెత్తనమేనా అనుకున్నాను. ఆ మాట మీద పంతంతో ఒక్క గడి కూడా ఊదలేదు.

నా బోడి కార్డులు ఎలా ఉన్నాయంటే, తప్పులు లేకుండా ఉన్నాయి. అంతే. పీలికలు దూర్చాను, ఖాళీలు వదిలాను, మంచి అక్షరాలే ఏరాను. నా కళ్లు నాకే ఉన్నాయి కదా. కానీ ఎవరూ లోపలికి తొంగి చూసి ఎవరు చేశారని అడగలేదు. ఒకావిడ అడిగింది గానీ, “ఆ తెరుబలి అమ్మి మానేసిందా?” అని అడిగింది. లేని మనిషి మీద ఇంత కుళ్లు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు పని ఉండదు. మిషను కడిగి, కేసులన్నీ బోర్లించి శుభ్రం చేసి, గంధం బొట్లు పెట్టడం మా ప్రెస్సులో ఆనవాయితీ. తప్పదు కాబట్టి నేనూ బోడి కేసు దింపాను. చిన్న ‘ఇ’ గడిలో అక్షరాలు తీస్తే అడుగున కాగితం కనబడింది. గడి కొలతకు సరిగ్గా మడిచి, పరుపులా పరిచి ఉంది. విప్పాను.

ముల్లు మీద కనబడకుండా పోయిన ప్రూఫు. ఎర్ర టిక్కు, నా రాతలో ఓకే. నడుమ మాటలో ఆ సగం గీత ‘ఇ’ చుట్టూ పెన్సిలుతో సన్నటి సున్నా. ఇంకేమీ రాయలేదు.

సావుకారు అక్కడే కొబ్బరికాయలు సర్దుతున్నాడు. నాలుగడుగులు వేసి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి ఉంటే అయిపోయేది. నేను అక్కడే నిలబడి లెక్కలు కట్టాను. నా గురించి చెబితే తన కళ్ల సంగతి బయటపడుతుంది, అందుకే చెప్పలేదు, నా మీద ప్రేమతో కాదు, అనుకున్నాను. ఆ మాట కాసేపు బాగానే పనిచేసింది. మరి చింపి పారెయ్యకుండా ఈ గడిలో ఎందుకు పెట్టింది, నేను రోజుకు వందసార్లు వేలు పెట్టే గడిలో? ఆమె పేరు మీద, చేతి మీద కుళ్లుకున్నాను, సరే. ఇప్పుడు ఆమె మంచితనం మీద కూడా కుళ్లుకోవాల్సి వచ్చింది. నేనైతే ఆ పని చెయ్యలేనని తెలిసిపోయింది కదా.

కాగితాన్ని మళ్లీ అలాగే మడిచాను. గడి అడుగున పరిచాను. మీద అక్షరాలు పోశాను. ఎనిమిదేళ్లు దాని మీదే పని చేశాను.

రెండువేల సంవత్సరం దాటాక కంప్యూటర్లు రాయగడ దాకా వచ్చాయి. సావుకారు కూడా ఒకటి పెట్టాడు. నేను మూడు నెలలు తిరిగి అది నేర్చుకున్నాను. సీసం కొనేవాళ్లు వచ్చి ఒక్కో కేసునూ గోనెసంచీలోకి బోర్లించారు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అన్నీ కలిసి ఒకే చప్పుడుతో పడ్డాయి. బోడి కేసు వంతు రాకముందే నేను ఆ గడిలోని కాగితం తీసి జాకెట్టులో దోపుకున్నాను. ఆ ఆదివారం తెరుబలి పాసింజరు ఎక్కాను.

చెప్పాల్సింది దారిపొడుగునా నెమరేసుకున్నాను. నాకు కనబడింది అప్పా, కావాలనే వదిలేశాను. రెండే మాటలు. స్టేషను దిగి బజారులోకి నడిచాను. టిఫిను హోటలు బోర్డు చూసి ఆగిపోయాను. పైన ఒడియా, కింద ఇంగ్లీషు. ఇంగ్లీషు అక్షరాలు లావు గీత, సన్నగీత, కాళ్ల కింద పీట. సైకిలు షాపు బోర్డూ అంతే. మందుల కొట్టూ అంతే. ఏ, వీల మధ్య గొయ్యి లేదు. బ్రష్షుతో ఎక్కడ కావాలంటే అక్కడ జరుపుకోవచ్చు కదా, ఇంక సిగరెట్టు పీలికలతో పనే లేదు. ఇనుప రేకు మీద, చవక రంగుతో, ఎండలో, ఆ అక్షరం నేను ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా చేయలేనంత అందంగా ఉంది. క్షమాపణ అడగడానికి వచ్చినదాన్ని, నడిరోడ్డు మీద నిలబడి కుళ్లుకున్నాను.

బజారు చివర కొత్తగా కట్టిన బట్టల కొట్టు ముందు, స్టూలు మీద నిలబడి బోర్డు రాస్తోంది అప్ప. జుట్టు సగం నెరిసింది. కళ్లకు దళసరి అద్దాలు ఉన్నాయి. నన్ను చూసి బ్రష్షు పళ్లతో పట్టుకుని, స్టూలు దిగి, రంగు చేతులతో నా రెండు భుజాలూ పట్టుకుంది.

“ఓలమ్మి! ఎన్నాల్లకెన్నాల్లకి! సిక్కిపోనావేటి?”

కొట్టువాళ్లను అడిగి టీ తెప్పించింది. మెట్టు మీద కూర్చున్నాం. ప్రెస్సు సంగతులు అడిగింది. కేసులు అమ్మేశారని చెప్పాను. “పోన్లే” అంది. “సీసంలో సన్నగీత నాకు ఆననేదు. ఇక్కడ సూడు, సన్నగీత నా సిటికినేలంత ఉన్నాది. ఇది బాగా ఆనతాది.”

నేను జాకెట్టులోంచి కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టాను. మడతల దగ్గర చిరిగింది. ఆమె విప్పలేదు, చూసి గుర్తుపట్టింది.

నెమరేసుకున్న రెండు మాటలూ నోటి దాకా వచ్చాయి. వచ్చి, ఆ బోర్డుల మీది అక్షరాలు కళ్ల ముందు తిరిగి, వేరే మాట అయిపోయాయి.

“ఆ పూట నాకూ ఆననేదప్పా” అన్నాను. “ఆ గీత. నాకూ కనపడనేదు.”

ఆమె అద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే ఎంత బాగుండేదో.

“నీకు ఆనకపోడమేటమ్మి” అంది. “నీ కళ్లంత మంచి కళ్లు నాను ఎక్కడా సూడనేదు. నీకు ఆనింది. నాకు తెలుసు.”

అని కాగితం మడిచి నా చేతిలోనే పెట్టేసింది. టీ గ్లాసు పక్కన పెట్టి, మళ్లీ స్టూలు ఎక్కి, బోర్డు మీద సగంలో ఆగిన చిన్న ‘ఇ’కి నడిమి గీత లాగింది. ఒక్క లాగుడు, ఊపిరి బిగబట్టి.

“రోడ్డు అవతలికెల్లి సూడమ్మి, తిన్నగా వచ్చిందో నేదో” అంది, నా వైపు తిరక్కుండానే. “దూరం నుంచి నాకు తెలదు. నువ్వు సెప్పు.”

రోడ్డు దాటి అవతల నిలబడి చూశాను. వంకరగా ఉంటే బాగుండునని చూశాను. చాలాసేపు చూశాను.

తిన్నగానే ఉంది. “బాగున్నాదప్పా” అని అక్కడి నుంచే అరిచాను. ఆమె తల ఊపి, తరవాతి అక్షరం మొదలుపెట్టింది.